ఓదార్పూ, వైద్యమూ

సాహిత్య విమర్శ చదవడానికి ఈ పుటలు తెరిచే మిత్రులకు ఒక ఉపాధ్యాయుడి పేగుల గోడు ఎందుకన్న సందేహం కలగవచ్చు. కలగడం న్యాయమే. కాని శాస్త్రీయ దృక్పథం అనే మాటను మనం చాలా కాలంగా సభల్లో వాడుతూ వున్నాము. ఆ మాట వేదిక మీద నిలబడ్డ మనిషికి ఎంత తేలికో, మంచం మీద పడుకొన్న మనిషికి ఎంత బరువో నాకు అనుభవం మీద తెలిసింది. ఆ అనుభవంలో నేనొక తప్పు చేశాను. తన తప్పు దాచుకొని ఇతరులకు హితవు చెప్పడం మర్యాద కాదు కనుక, ముందుగా దానినే మనవి చేస్తాను.

నేను ఇబ్రహీంపట్నంలో జంతుశాస్త్రం చెబుతాను. హైదరాబాదుకు ముప్పై కిలోమీటర్ల దూరంలో, నాగార్జునసాగర్ రోడ్డు మీద వున్న వూరు మాది. కుతుబ్‌షాహీల కాలం నాటి పెద్ద చెరువు వున్నది. చెరువు కింద పొలాలు పోయి ఇంజనీరింగు కాలేజీలూ, ప్లాట్ల హద్దురాళ్ళూ వచ్చాయి. ఏటా మృగశిర కార్తె నాడు హైదరాబాదులో ఉబ్బసానికి చేప మందు పంచుతారు గదా; ఆ రోజుల్లో విద్యార్థులను వెంటబెట్టుకొని దానికి వ్యతిరేకంగా కరపత్రాలు పంచినవాణ్ణి నేను. పేగు లోపలి పొర, దాని మడతలు, దాని రక్తనాళాలు నల్లబల్ల మీద గీసి ఏటా పాఠం చెప్పినవాణ్ణి.

2013లో నాకు రక్తంతో విరేచనాలు మొదలయ్యాయి. వూళ్ళో ఆర్‌ఎంపీ డాక్టరు అమీబా అన్నాడు. ఏడాది పాటు అమీబా మాత్రలు మింగాను. తగ్గినట్టే తగ్గి మళ్ళీ వచ్చేది. రోజుకు పది పన్నెండు సార్లు పోవలసి వచ్చిన దశలో పట్నం వెళ్ళి, గొట్టం వేసి చూసే పరీక్ష చేయించుకొన్నాను. పెద్దపేగు లోపలి పొరంతా పూసి వున్నదనీ, దీనిని అల్సరేటివ్ కొలైటిస్ అంటారనీ చెప్పారు. దీనికి తోబుట్టువు వంటిది క్రోన్స్ వ్యాధి. అది నోటి నుంచి ఆసనం దాకా ఎక్కడైనా రావచ్చు, పేగు గోడను లోతుగా తినవచ్చు. రెండింటిలోనూ శరీర రక్షణ వ్యవస్థ దారి తప్పి తన పేగు మీద తానే దాడి చేస్తుంది. పూర్తిగా మాన్పే మందు నేటికీ లేదు. అణచి వుంచే మందులున్నాయి.

ఇది కొత్త జబ్బేమీ కాదు. లండనులో శామ్యూల్ విల్క్స్ 1859లోనే పెద్దపేగు పూతను వేరు జబ్బుగా గుర్తించాడు. న్యూయార్కులో క్రోన్, ఆయన సహచరులు 1932లో రెండవదానిని వర్ణించారు. 1930ల చివర స్వీడన్‌లో నన్నా స్వార్ట్స్ అనే వైద్యురాలు కీళ్ళ వాపుల కోసమని సల్ఫసలజైన్ తయారు చేయిస్తే, అది పేగు పూతకు కూడా పనికివచ్చింది. 1955లో ట్రూలవ్, విట్స్ అనే ఇద్దరు వైద్యులు ఇంగ్లండులో 210 మంది రోగులను రెండు గుంపులుగా విడదీసి, ఒక గుంపుకు కార్టిజోన్ ఇచ్చి, రెండవ గుంపుకు ఉత్త మాత్ర ఇచ్చి పోల్చి చూశారు. కార్టిజోన్ తిన్న నూరు మందిలో 41 మందికి, తినని నూరు మందిలో 16 మందికి జబ్బు అణిగింది. ఈ అంకెలు పాఠకులు గుర్తుంచుకోవాలి. మందు తినకపోయినా కొందరికి తగ్గుతుంది. ఈ జబ్బు అలలాగ వచ్చి అలలాగ పోతుంది. పోయే వేళకు మనం ఏది తింటూ వుంటే దానికే ఆ పేరు దక్కుతుంది.

ఇది తెల్లవాళ్ళ జబ్బనీ, డబ్బున్నవాళ్ళ జబ్బనీ ఒక భ్రమ వుండేది. హైదరాబాదులోని ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ వైద్యులు మన రాష్ట్రంలో కడుపు బాధలున్న 30,000 మందికి పైగా జనాన్ని పరీక్షించి, 2023లో ఫలితాలు ప్రకటించారు. పల్లెకూ పట్నానికీ ఈ విషయంలో చెప్పుకోదగ్గ తేడా లేదని తేలింది. పరీక్ష పల్లెకు రానన్నాళ్ళూ జబ్బు కూడా పల్లెలో లేదనుకొన్నాము.

ఇక మనసు సంగతి. జబ్బు పేగులోనే వుంటే భరించవచ్చు. అది బస్సులో వుంటుంది, తరగతి గదిలో వుంటుంది, పెళ్ళి పందిట్లో వుంటుంది. ఇబ్రహీంపట్నం నుంచి ఎల్బీనగర్ పోయే ఆర్‌టీసీ బస్సులో శేరిగూడ, మంగళ్‌పల్లి, బొంగుళూరు గేటు, తుర్కయంజాల్ అన్నీ నాకు మరుగుదొడ్ల లెక్కన గుర్తు. ఎక్కడ దిగితే పెట్రోలు బంకు వున్నది, ఎక్కడ హోటలువాడు కాదనడు — ఇదే నా భూగోళం. సంఘం సభలకు పోవడం మానేశాను. పట్టణంలో ఊరేగింపు వున్నదంటే జ్వరమని చెప్పేవాణ్ణి. మిత్రులు నాకు ఉద్యమం మీద నమ్మకం తగ్గిందనుకొన్నారు. తగ్గింది నమ్మకం కాదు, దారిలో మరుగుదొడ్డి లేదు అని చెప్పడానికి నోరు రాలేదు. దోపిడిని గురించి రెండు గంటలు మాట్లాడగల నేను విరేచనాన్ని గురించి ఒక్క వాక్యం మాట్లాడలేకపోయాను.

ఈ రోగులలో సుమారు ముగ్గురిలో ఒకరికి ఆందోళన లక్షణాలూ, నలుగురిలో ఒకరికి కుంగుబాటు లక్షణాలూ వుంటున్నాయని 2021లో అనేక అధ్యయనాలను కలిపి చూసినవారు లెక్క తేల్చారు. అప్పటికి నాకీ లెక్క తెలియదు. ఈ లోకంలో నేనొక్కడినే యిలా పిరికివాణ్ణయ్యానని అనుకొన్నాను.

చూడవచ్చిన ప్రతివారూ ఒకే మాట అనేవారు: ‘టెన్షన్ తగ్గించుకోండి సార్, అదే పోతది.’ మాటలో ప్రేమ వున్నది. కాని ఆలోచిస్తే, జబ్బు నేను కోరి తెచ్చుకొన్నాననే అర్థం కూడా అందులోనే వున్నది. ఈ అభిప్రాయానికి ఒకప్పుడు వైద్యశాస్త్రంలోనే గౌరవస్థానం వుండేది. 1930లో అమెరికాలో మర్రీ అనే ఆయన పేగు పూతకు మనోవ్యథే మూలమని రాశాడు. తరువాత ఫ్రాంజ్ అలెగ్జాండర్ మనసు వల్ల వచ్చే ఏడు జబ్బుల జాబితాలో దీనినీ చేర్చాడు. రోగి స్వభావం బలహీనమనీ, తల్లి పెంపకం లోపమనీ పుస్తకాలు వచ్చాయి. ఆ సిద్ధాంతం రుజువుకు నిలవలేదు. కాని పాత సిద్ధాంతాలు గ్రంథాలలోంచి పోయినంత మాత్రాన వీధిలోంచి పోవు.

అట్లాగని మనసుకూ పేగుకూ సంబంధం లేదనడం రెండవ తప్పు. 1822లో తుపాకి గాయంతో పొట్టకు రంధ్రం పడి, అది పూడకుండా మిగిలిన సెయింట్ మార్టిన్ అనే కూలివాడిని విలియం బోమాంట్ అనే సైనిక వైద్యుడు ఏళ్ళ తరబడి పరిశీలించాడు. కోపం వచ్చినప్పుడు జఠరం లోపలి పొర మారడం కంటితో చూశాడు. పావ్లోవ్‌కు 1904లో నోబెల్ బహుమతి వచ్చింది జీర్ణక్రియ మీద చేసిన పనికే. పేగు గోడల్లో పది కోట్లకు తక్కువ కాకుండా నాడీకణాలున్నాయి. మనసు పేగును తాకుతుందంటే భౌతికవాదికి భయం అక్కరలేదు. తాకేది నాడుల ద్వారానే, రసాయనాల ద్వారానే. మనసు జబ్బును పుట్టించదు. పుట్టిన జబ్బును ఎక్కువగానో తక్కువగానో మోయిస్తుంది. ఈ రెండు మాటలకూ నడుమ వున్న తేడాను పట్టుకోలేకనే నేను బోల్తా పడ్డాను.

2016లో మా అమ్మ పోరు పడలేక యాచారం దాటి ఒక పల్లెలో వున్న వైద్యుడి దగ్గరికి వెళ్ళాను. వెళ్ళిన సంగతి సంఘ మిత్రులకు చెప్పలేదు. వేపచెట్టు కింద నులక మంచం. ఆయన నన్ను చూసి ‘కూసో సారూ’ అన్నాడు. కూర్చున్నాను. ‘ఎప్పటి సంది ఈ బాధ?’ అన్నాడు. చెప్పాను. ‘రాత్రి నిద్ర పడ్తదా?’ అన్నాడు. ‘మీ నాయిన ఏమైతే పోయిండు?’ అన్నాడు. గంటసేపు అడుగుతూనే వున్నాడు. అంతకు ముందు మూడేళ్ళలో నా తండ్రి మరణాన్ని గురించి ఏ డాక్టరూ అడగలేదు. అడిగితే చెప్పాలని వున్నదని కూడా నాకు తెలియదు. కళ్ళనీళ్ళు వచ్చాయి. ఆయన చెంబుతో మంచినీళ్ళిచ్చి, పొట్లాలు కట్టి చేతిలో పెట్టాడు. ‘ఇంగ్లీషు మందు బందు చెయ్యి, రెండూ కొట్లాడ్తయి’ అన్నాడు.

బందు చేశాను. చేప మందుకు వ్యతిరేకంగా కరపత్రాలు పంచిన చేత్తోనే ఆ పొట్లాలు విప్పుకొని తేనెలో కలుపుకొని తిన్నాను. వారం తిరగకముందే విరేచనాలు ఆగాయి. ఆకలి పెరిగింది. ముఖం గుండ్రంగా నిండింది. మా అమ్మ దిష్టి తీసింది. నాలుగు నెలల తరువాత వైద్యుడు తీర్థయాత్రకు పోయాడు, పొడి అయిపోయింది. పదిహేను రోజులలో నేను ఆసుపత్రిలో వున్నాను. జ్వరం, రక్తం, లేచి నిలబడలేని నీరసం. పెద్దపేగు తీసివేయవలసి వస్తుందేమోనని డాక్టర్లు మా అక్కతో చెప్పారట. తమ్ముడికి చెప్పవద్దని ఆమె బతిమాలుకొన్నది.

రాత్రి డ్యూటీలో వున్న యువ డాక్టరు ఒకామె నా ముఖం, చేతుల మీది కమిలిన మచ్చలు చూసి, పొడిలో స్టీరాయిడు కలిపి వుంటారని అనుమానపడింది. పొడి మిగలలేదు, పరీక్ష చేయించలేదు. కనుక ఆ వైద్యుణ్ణి దోషి అనే హక్కు నాకు లేదు. కాని ఆకులపొడి పేరుతో స్టీరాయిడు అమ్మడం మన దేశంలో ఎరగని సంగతి కాదు. స్టీరాయిడును నెలల తరబడి తిని హఠాత్తుగా ఆపితే ప్రాణం మీదికి వస్తుంది. ఆమె నన్ను కసిరితే నేను తల వంచుకొని వుందును. కసరలేదు. స్టూలు లాక్కొని కూర్చొని, ‘తిట్టను సార్, కాని ఎందుకు పోయిన్రో చెప్పండి’ అన్నది.

చాలాసేపు ఆలోచించాను. ‘ఆయన నన్ను కూర్చోమన్నాడమ్మా’ అన్నాను.

ఆ మాట నోట వచ్చిన తరువాత దానిని గురించి ఈ ఏళ్ళన్నీ ఆలోచిస్తూనే వున్నాను. ఆ పల్లెలో నేను పుచ్చుకొన్నవి రెండు వస్తువులు. ఒకటి పొడి, రెండవది వినికిడి. మొదటిది నాకు అపకారం చేసింది. రెండవది నిజమైన మేలు చేసింది. రెండూ ఒకే పొట్లంలో కట్టి వుండడం వల్ల మొదటిదానిని రెండవదానిగా పొరబడ్డాను. మనం కరపత్రాలు రాసేటప్పుడు పొడిని మాత్రమే ఖండించి, వినికిడి కోసం వెళ్ళే మనిషిని అజ్ఞాని అంటాము. ప్రభుత్వాసుపత్రిలో క్యూలో మూడు గంటలు నిలబడితే డాక్టరు ముందు దక్కేది రెండు నిమిషాలు. ఆ డాక్టరు చెడ్డవాడు కాదు, ఆయన ఎదుట ఇంకా వంద మంది వున్నారు. 2022 ఆగస్టులో మా ఇబ్రహీంపట్నంలోనే ప్రభుత్వ శిబిరంలో ఒకే రోజు 34 మంది స్త్రీలకు కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సలు చేశారు. వారిలో నలుగురు చనిపోయారు. అటువంటి వార్త విన్న తల్లి తన బిడ్డను వేపచెట్టు కిందికి తీసుకొనిపోతే ఆమెది మూఢత్వమని అనగలమా? నమ్మకం కూడా ప్రజలకు ప్రభుత్వం కల్పించవలసిన సౌకర్యాలలో ఒకటి.

అయితే ఇంటి వైద్యాలను, యోగాన్ని ఏమి చేయాలి? కోలుకొన్న తరువాత ఒక్కొక్కదానినే పరీక్షించి చూశాను. మొదట పసుపు. జపానులో 2006లో 89 మంది రోగులకు మామూలు మందుతో పాటు పసుపులోని కుర్కుమిన్ రోజుకు రెండు గ్రాములిస్తే, జబ్బు తిరగబెట్టడం తగ్గింది. ‘మందుతో పాటు’ అన్న మాట గమనించాలి, ‘మందుకు బదులు’ కాదు. ఢిల్లీలో అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ వైద్యులు 450 మిల్లీగ్రాములు ఇచ్చి చూస్తే, 2017 నాటి వారి ఫలితంలో ఉత్త మాత్ర కన్నా మెరుగు కనబడలేదు. ఎండు పసుపులో కుర్కుమిన్ నూటికి మూడు పాళ్ళుంటుందేమో. రెండు గ్రాములు కావాలంటే రోజూ అరవై గ్రాములకు పైగా పసుపు తినాలి. పాలలో చిటికెడు వేసి ఇచ్చే మా అమ్మ లెక్క అది కాదు. ఆమె ఇచ్చే పాలు తాగుతాను, అది మందని అనుకోను.

ఇసబ్గోలు గింజల మీద స్పెయిన్‌లో 1999లో మంచి ఫలితమే వచ్చింది, జబ్బు అణిగి వున్నవారికి. కాని క్రోన్స్ వ్యాధిలో పేగు సన్నబడినవారికి అదే గింజ అడ్డుపడి ప్రమాదం తేవచ్చు. ఒకరికి మంచిదైనది ఇంకొకరికి విషమవుతుందని తెలియడానికే వైద్యుడు కావాలి. జర్మనీలో 2017లో ప్రకటించిన ప్రయోగంలో 77 మంది పెద్దపేగు పూత రోగులలో కొందరికి వారానికి 90 నిమిషాల చొప్పున 12 వారాలు యోగం నేర్పారు. వారి జీవనం సుఖపడింది. మందులు మానమని ఆ పరిశోధకులు ఎవరికీ చెప్పలేదు. నేనూ తెల్లవారుజామున పావుగంట శ్వాస మీద దృష్టి నిలుపుతాను. బస్సెక్కే ముందు గుండె దడ తగ్గుతుంది. ఇందులో దేవుడి ప్రసక్తి లేదు, ప్రాచీన గౌరవం ప్రసక్తీ లేదు. కాలు బెణికితే నీవారం పట్టు వేసుకొన్నట్టే.

ఈ సందర్భంలో నాకు యల్లాప్రగడ సుబ్బారావు గారు జ్ఞాపకం వస్తారు. 1895లో భీమవరంలో పుట్టిన ఆయన సోదరులిద్దరు స్ప్రూ అనే పేగు జబ్బుతో మరణించారు. ఆయనకు కూడా అదే పట్టుకొన్నది. మద్రాసులో ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్సతో బతికి బయటపడ్డారు. ఆ వైద్యాన్ని ఆయన ఎగతాళి చేయలేదు. అక్కడి ఆయుర్వేద కళాశాలలోనే పాఠాలు చెప్పారు. అది చాలునని అక్కడే ఆగిపోనూ లేదు. ఆ జబ్బులో లోపించేదేమిటో తెలుసుకోవాలని సముద్రాలు దాటారు. 1945లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారు చేసింది. స్ప్రూకు అది మందయింది. ఆ ఫోలిక్ ఆమ్లానికి విరోధులుగా ఆ ప్రయోగశాల తయారు చేసిన వాటిలో ఒకటి మెథోట్రెక్సేట్. 1948లో ఆయన పోయారు. 1995లో కెనడా వైద్యులు అదే మెథోట్రెక్సేట్ క్రోన్స్ వ్యాధికి పనిచేస్తుందని చూపించారు. నేను తినే సల్ఫసలజైన్ శరీరానికి ఫోలిక్ ఆమ్లం అందకుండా అడ్డుపడుతుంది. అందుకని దానితో పాటు చిన్న పసుపుపచ్చని ఫోలిక్ ఆమ్లం మాత్ర కూడా మింగుతాను. అది రూపాయలలో చాలా చౌక. మింగేటప్పుడల్లా ఆ అన్నదమ్ములు గుర్తుకు వస్తారు. ఆయుర్వేదం ప్రాణం పోసిన మనిషే ఎందుకు పోసిందని అడగడం మానలేదు. మనకు కావలసిన దృక్పథం అది.

యోగానికీ ఓదార్పుకీ ఇవాళ బజారు ఏర్పడింది. మా వూరి చుట్టుపక్కల తోటలలో వారాంతపు విశ్రాంతి శిబిరాలకు పట్నం కార్లు వస్తాయి. ఆ శిబిరం ప్రహరీ గోడకు రాళ్ళు మోసిన స్త్రీకి పేగు పూత వస్తే ఆమెకు ‘మనశ్శాంతి’ ఎవరమ్ముతారు? పనిచోట ఆమెకు మరుగుదొడ్డి లేదు. రోజుకు పది సార్లు గట్టు చాటుకు పోతే మేస్త్రీ కూలి కోస్తాడు. ఆమె మనోవేదనకు మొదటి చికిత్స శ్వాసాభ్యాసం కాదు. తలుపూ నీళ్ళూ వున్న గది.

నా తరగతిలోనే ఒక అమ్మాయి ఏడాది పాటు సన్నబడుతూ వచ్చింది. పేగుకు క్షయ అని ఆరు నెలలు మందులిచ్చారు. మన దేశంలో పేగు క్షయకూ క్రోన్స్‌కూ తేడా పట్టడం నిపుణులకే కష్టం. అందులో ఎవరి తప్పూ లేదు. చివరికి క్రోన్స్ అని తేలింది. ఒకనాడు ఆ పిల్ల తరగతి అయిపోయాక నిలబడి, ‘సార్, నాకు పెండ్లి అయితదా?’ అని అడిగింది. జంతుశాస్త్రంలో దానికి సమాధానం లేదు. నా సంగతి మొదటిసారి ఒక విద్యార్థికి చెప్పింది అప్పుడే. బస్సు సంగతి, ఊరేగింపు సంగతి, పొట్లాల సంగతి అన్నీ చెప్పాను. విని ఆ పిల్ల నవ్వింది. ‘తుర్కయంజాల్ బంకు నాకు గూడ ఎరుకే సార్’ అన్నది.

ఇప్పుడు నెలకొక ఆదివారం మేము ఆరేడు మందిమి కలుసుకొంటున్నాము. ఒక ఆటో డ్రైవరు, ఇద్దరు గృహిణులు, ఒక టైలరు, ఆ అమ్మాయి, నేను. మా నియమాలు మూడు. డాక్టరుకు చెప్పకుండా ఎవరూ మందు మానరాదు. పొడి గాని, కషాయం గాని, మారేడు గుజ్జు గాని ఏది తిన్నా డాక్టరుకు చెప్పాలి, దాచరాదు. ఎవరు మాట్లాడుతున్నా మధ్యలో సలహా ఇవ్వరాదు. మూడవ నియమం అన్నిటికన్నా కష్టంగా వున్నది, ముఖ్యంగా నాకు.

ఉపాధ్యాయ మిత్రులకూ, విద్యార్థులకూ నా మనవి యింతే. నకిలీ మందుల మీద కరపత్రాలు మానవద్దు, ఇంకా వేయండి. కాని కరపత్రం ఇచ్చిన తరువాత ఒక్క క్షణం ఆగి, ఆ మనిషి ఎందుకు వెళ్ళాడో అడగండి. తాలూకా ఆసుపత్రికి పేగుల డాక్టరూ, మనసు చెప్పుకోవడానికి ఒక మనిషీ కావాలని అడగండి. మీ ఊరేగింపు దారిలో, మీ సభాస్థలిలో మరుగుదొడ్డి ఎక్కడ వున్నదో కరపత్రం అడుగున ఒక పంక్తిలో అచ్చు వేయండి. ఆ ఒక్క పంక్తి చూసుకొని ఇంట్లోంచి బయలుదేరేవారు మన వూళ్ళో కొందరున్నారు. పోయిన నెల ఉపాధ్యాయుల సభకు అలా అచ్చు వేశారు. పన్నెండేళ్ళ తరువాత నేను చివరి దాకా కూర్చున్నాను.